నోటీసు బోర్డు మీద రెండు పేర్లు

కొన్నేళ్ల క్రితం నా దగ్గర ఎం.ఏ. చదివిన విద్యార్థి ఒకడు ఫోన్ చేసి, తన పెళ్లికి సాక్షిగా సంతకం పెట్టమని అడిగాడు. అతనిది మాల క్రైస్తవ కుటుంబం. అమ్మాయిది అదే మండలంలో భూములూ పలుకుబడీ ఉన్న కులం. పెళ్లి కోసం మతం మారడం ఇద్దరికీ ఇష్టం లేదు. కనుక 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని ఆశ్రయించి నోటీసు ఇచ్చారు. ఐదో రోజున బోర్డు మీది కాగితాన్ని ఎవరో ఫొటో తీశారు. సాయంత్రానికి అది ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది. వారం తిరక్కుండానే అమ్మాయి పెదనాన్న నలుగురిని వెంటబెట్టుకొని వచ్చి అబ్బాయి తల్లి గుమ్మం ముందు నిలబడ్డాడు.

ఆ రాత్రి అతను నన్నొక ప్రశ్న అడిగాడు. ‘మీరు మాకు మిల్లును చదివించారు కదా సార్, ఈ కాగితం అంటించింది ఊరు కాదు, సర్కారు. మరి దీన్ని ఏమనాలి?’

వ్యక్తి స్వేచ్ఛ, పరిమిత ప్రభుత్వం అనే మాటలంటే మన సామాజిక న్యాయ వర్గాలకు మొదటినుంచీ అనుమానమే. అందుకు కారణం ఉంది. 1959లో స్వతంత్ర పార్టీ పుట్టినప్పుడు దాని అధ్యక్షుడు మన ఎన్.జి.రంగా గారు. సహకార వ్యవసాయాన్నీ లైసెన్సుల రాజ్యాన్నీ ఆ పార్టీ వ్యతిరేకించింది. రైతు భూమి రైతుకే ఉండాలన్నది. సెంటు భూమి లేనివాడికి ఆ స్వేచ్ఛలో ఏముంది? అంతకు పన్నెండేళ్ల ముందే, 1947లో, ‘రాష్ట్రాలు–మైనారిటీలు’ అనే పత్రంలో అంబేడ్కర్ ఈ చిక్కుముడిని పట్టుకున్నారు. రాజ్యం పూర్తిగా తప్పుకుంటే మిగిలేది స్వేచ్ఛ కాదని, కౌలు పెంచే భూస్వామికీ కూలి తగ్గించే యజమానికీ దొరికే అధికారమని ఆయన వాదన.

దళితుడి మీద ప్రభుత్వాలు రెండు. ఒకటి సచివాలయంలో ఉంటుంది, రెండోది ఊళ్లో. రెండోదానికి ఎన్నిక లేదు, అప్పీలు లేదు, పరిమితి అసలే లేదు. నీళ్లు ఎక్కడ తోడుకోవాలో, చెప్పులు ఎక్కడ విప్పాలో, ఎవరిని పెళ్లాడాలో అదే చెబుతుంది. బహిరంగ చెరువులు అందరివీ అని బొంబాయి శాసన మండలి 1923లో తీర్మానించింది. మహాడ్ పురపాలక సంఘం మరుసటి ఏడాది దాన్ని అమలు చేస్తానంది. అయినా 1927 మార్చి 20న అంబేడ్కర్ నాయకత్వంలో వేలమంది నడిచి వెళ్లేదాకా ఆ చెరువు నీళ్లు అంటరానివారి దోసిట్లోకి రాలేదు. కోర్టు వివాదం తేలడానికి 1937 దాకా పట్టింది. సచివాలయ ప్రభుత్వం చేతులు ముడుచుకుంటే ఊరి ప్రభుత్వానికి ఎదురుండదు. మా నాన్న ఊరు దాటగలిగాడంటే సాంఘిక సంక్షేమ హాస్టలు అన్నం పెట్టబట్టే. కాబట్టి రాజ్యం చిన్నదైతే చాలునని నేను అనను.

కానీ ఈ వాదాన్ని మనం ఇక్కడే ఆపేస్తున్నాం. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందుంచుతూ, గ్రామాన్ని కాక వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు అంబేడ్కర్ సంతోషించారు. దళిత ఉద్యమం రాజ్యాన్ని అడిగింది వ్యక్తిని ఊరి నుంచి విడిపించమని. విడిపించిన చేత్తోనే మళ్లీ ఊరికి అప్పగించమని కాదు.

ప్రత్యేక వివాహ చట్టం సరిగ్గా ఆ అప్పగింతే చేస్తోంది. కనీసం ఒకరు ముప్పై రోజులుగా నివసిస్తున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి. వివాహాధికారి దాన్ని అందరికీ కనబడే చోట అంటించాలి. ఒకరి శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే అక్కడికీ ఒక ప్రతి పంపాలి. ఆ తర్వాత ముప్పై రోజుల్లో ఎవరైనా, బంధువే కానక్కర్లేదు, అభ్యంతరం చెప్పవచ్చు. చెబితే విచారణకు మరో ముప్పై రోజులు. నా విద్యార్థి విషయంలో వచ్చిన అభ్యంతరం ఏమిటంటే, అమ్మాయికి మతిస్థిమితం లేదని! ఆమె ఎమ్మెస్సీ చదివింది. అభ్యంతరం అసంబద్ధమని, దురుద్దేశంతో చేసిందని తేలితే వేసే ఖర్చులు వెయ్యి రూపాయలకు మించకూడదని చట్టమే చెబుతోంది. ఈ కేసులో అదీ వేయలేదు.

నోటీసు లేకపోతే రెండో పెళ్లిళ్లు, మైనర్ల పెళ్లిళ్లు జరుగుతాయంటారు. 1955 హిందూ వివాహ చట్టంలోనూ ఇవే నిషేధాలున్నాయి. అక్కడ ముందస్తు నోటీసు లేదు. మోసం చేస్తే శిక్ష ఉంది, అంతే. కులంలో పెళ్లి చేసుకునేవాణ్ణి నమ్మే రాజ్యం, మతం గీత దాటేవాణ్ణి ముందే అనుమానిస్తోంది. ఇంకో సంగతి కూడా. ఈ చట్టం కింద పెళ్లాడిన హిందువు ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్లే లెక్క. హిందువు హిందువును చేసుకుంటే ఇది వర్తించదని 1976లో సవరించారు. క్రైస్తవుణ్ణి చేసుకుంటే నేటికీ వర్తిస్తుంది.

ఆ క్రైస్తవుడి పరిస్థితీ చూడండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అతను షెడ్యూల్డ్ కులస్థుడు కాడు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, ఇతన్ని చేర్చలేదు. పెదనాన్నకు అతను మాలవాడే. దాడి జరిగితే మాత్రం 1989 అత్యాచారాల నిరోధక చట్టం అతనికి అందదు. ఏ దేవుణ్ణి మొక్కితే ఏ రక్షణ దొరుకుతుందో నిర్ణయించే అధికారాన్ని రాజ్యానికి ఎవరిచ్చారు? మనం ఈ ప్రశ్నను రిజర్వేషన్ల లెక్కగానే చర్చిస్తాం. నాకిది మనస్సాక్షి మీద సర్కారు వేసిన పన్నులా కనబడుతుంది.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఇద్దరు వయోజనుల పెళ్లిలో పంచాయితీలకు జోక్యం లేదని, బెదిరింపులున్న జంటలకు రక్షణ గృహాలు, ప్రత్యేక విభాగాలు ఉండాలని 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబరులో మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్య కళ్లముందే ఒక దళిత యువకుణ్ణి నరికారు. జంట కోరకపోతే నోటీసు ప్రచురించనక్కర్లేదని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు తీర్పిచ్చింది. మన దగ్గర కాగితం ఇంకా బోర్డుకెక్కుతూనే ఉంది.

ప్రచురణ, అభ్యంతరాల సెక్షన్లను పార్లమెంటు తొలగించాలి. వయసు, పూర్వ వివాహం గురించి ప్రమాణపత్రం తీసుకొని, అబద్ధమని తేలితే శిక్షించవచ్చు. మిగిలిన చోట రాజ్యం పెద్దదిగానే ఉండనివ్వండి: రక్షణ గృహానికి తాళం చెవి, గేటు దగ్గర కానిస్టేబుల్, ఫోన్ ఎత్తే అధికారి. బోర్డు దగ్గర మాత్రం అది లేకపోవాలి.

యాభై ఒకటో రోజున నేనూ మరో ఇద్దరు సాక్షులమూ సంతకాలు పెట్టాం. అప్పటికి అబ్బాయి తల్లి ఇల్లు వదిలి చెల్లెలి ఊరికి వెళ్లిపోయింది. నాకు తెలిసినంతలో ఇంకా తిరిగి రాలేదు. బయటికొస్తూ బోర్డు వైపు చూశాను. వాళ్ల కాగితం పక్కన మరో జంట నోటీసు ఉంది. దాని గడువు తీరడానికి ఇంకా ఇరవై ఒక్క రోజులు ఉన్నాయి.