పంది మేతలో మందు, పాకీ పనివాడి ఒంట్లో ముప్పు

పందుల మురికి అంటూ ఎరుకల కుటుంబాలను ఊరవతలికి తరిమే మున్సిపాలిటీలు, పెద్ద ఫారాల మేత సంచుల్లోకి ఎప్పుడైనా తొంగిచూశాయా?

మేతలో మాంసకృత్తులు చాలకపోతే పంది ఒంట్లో ఐజీఎఫ్-1 అనే ఎదుగుదల హార్మోను తగ్గుతుంది, బరువు పెరగదు. హోటల్ ఎంగిలితో పెంచేవాళ్లకు సోయా చెక్క కొనే స్తోమత ఎక్కడిది? ఫారాలు కనిపెట్టిన అడ్డదారి వేరు: మేతలో రోజూ కాస్త యాంటీబయాటిక్. పేగుల్లో సూక్ష్మజీవులు తగ్గి, తిన్నది ఒంటికి పడుతుంది. మందుకు లొంగని క్రిములు మాత్రం మిగిలిపోతాయి. మనుషులకు చివరి అస్త్రమైన కొలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు 2015లో చైనా పందుల్లోనే బయటపడింది.

యూరప్ 2006లోనే ఎదుగుదల కోసం ఈ మందులు వాడొద్దంది. మన కేంద్రం పశువులకు కొలిస్టిన్‌ను 2019లో నిషేధించింది. సంతోషమే. కానీ పెంట ఎత్తేవాళ్లకు, మాంసం కోసేవాళ్లకు గ్లౌజులు, వైద్య పరీక్షలు ఇవ్వాల్సింది ఎవరు? ఆ క్రిములు ముందు తగిలేది వాళ్లకే.