ఎడ్లపాడోడు పడవెక్కితే..

మాది ఎడ్లపాడు. గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే హైవే మీద వస్తుంది. దగ్గర్లోనే కొండవీడు కొండలు, చుట్టూ పత్తి, మిరప చేలు. సంక్రాంతి వస్తే మా వైపు ఎడ్ల పందేల సందడి. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అంటూ విభాగాలు పెట్టి ఒంగోలు గిత్తల చేత బండ లాగిస్తారు. ఇచ్చిన టైములో ఎవరి జత ఎక్కువ అడుగులు లాగితే వాళ్ళదే బహుమతి. అలాంటి ఊళ్ళో పుట్టినవాణ్ణి, పండక్కి ముందు ఆదివారం హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పందెంలో దిగానంటే నాన్న అస్సలు నమ్మలేదు. "ఎడ్లు తోలాల్సినోడివి పడవ తోలావంట్రా!" అని ఫోన్లో ఒకటే నవ్వు. అమ్మ మాత్రం నవ్వలేదు.

కారణం ఉంది. 1967లో సాగర్ కాలవలకి నీళ్ళు వదిలాక మా మెట్ట ప్రాంతం బతుకు మారింది. కాదనను. కానీ ఆ కాలవ పైకి కనిపించేంత మంచిది కాదు. సిమెంటు లైనింగు ఉన్నచోట గట్టు ఏటవాలుగా ఉంటుంది, పైగా పాకుడు. దిగడం తేలిక, పట్టుకుని ఎక్కడానికి ఏమీ దొరకదు. నేను ఆరో తరగతిలో ఉండగా పండగ సెలవుల్లో మా క్లాసువాడి అన్న అలాగే దిగి మళ్ళీ రాలేదు. గట్టు మీద పది మంది ఉన్నారు. ఒక్కరికీ ఈత రాదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కాలవ గట్టు నిషేధం. దాంతో పెళ్ళై ఇద్దరు పిల్లలు పుట్టినా నాకు ఈత రాలేదు.

సరే, పందెం సంగతికొస్తాను. హుస్సేన్ సాగర్‌లో సీరియస్ సెయిలింగ్ పోటీలు జులై, ఆగస్టుల్లో జరుగుతాయి, గాలి బాగా ఉండేది అప్పుడే కాబట్టి. జనవరిలో గాలి మందం. మా ఆఫీసు మిత్రులు సరదా పందెం పెట్టుకుంది అందుకే. ఐదు పడవలు, పడవకి ఇద్దరు. ఒకడికి పని తెలిసుండాలి, రెండోవాడు నాలాంటివాడైనా ఫరవాలేదు. పడవలకి బంతిపూల దండలు కట్టాం. మొదటి బహుమతి ఒక డబ్బా అరిసెలు!

రిలీజుకి ముందు స్పెక్ చదివే అలవాటు కదా, ముందురోజు రాత్రి సెయిలింగ్ రూల్స్ తెరిచాను. మొట్టమొదటి రూలే గెలుపు గురించి కాదు. ఆపదలో ఉన్న మనిషికైనా పడవకైనా చేతనైనంత సాయం చేసి తీరాలట. ఆ వెంటనే, లైఫ్ జాకెట్ బాధ్యత ఎవరిది వాళ్ళదే అని ఉంది. తప్పు చేసినవాడు రిఫరీ విజిల్ కోసం చూడకుండా తన పడవని తనే రెండు చుట్లు తిప్పుకుని శిక్ష వేసుకోవాలి. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకోటుంది. సాయానికి ఆగి వెనకబడినవాళ్ళు, ఆ నష్టం సరిచేయమని అడగొచ్చు.

రెండో రౌండులో ఉన్నట్టుండి గాలి విసిరింది. "ఇటు రా" అంటే నేను అటు జరిగాను. పడవ పక్కకి ఒరిగింది, నేను నీళ్ళలో. మునిగాననే అనుకున్నాను. కళ్ళ ముందు సాగర్ లేదు, మా ఊరి కాలవే ఉంది. జాకెట్ పైకి లేపింది. తల తిప్పి చూస్తే, అందరికన్నా ముందున్న పడవ వెనక్కి తిరిగి మా దగ్గరికి వస్తోంది. వాళ్ళు నన్ను పట్టుకున్నారు. మావాడు పడవ అడుగు పలక మీద నిలబడి దాన్ని లేపాడు. గట్టుకి చేరాక వాళ్ళు రూలు చూపించి ఫస్ట్ ప్లేసు అడిగారు, ఇచ్చాం. అరిసెలు మాత్రం అందరం తిన్నాం :)

ఇప్పుడు నా గోల. మనకి నీళ్ళంటే పుష్కర స్నానం, లేకపోతే పేపర్లో దుర్వార్త. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి యాభై మంది దాకా పోయారు. బతికిన ఇరవై మందికి పైగా మనుషుల్ని తమ పడవల్లో వెళ్ళి ఒడ్డుకి చేర్చింది స్థానిక గిరిజనులే. వాళ్ళు ఏ రూల్ బుక్కూ చదవలేదు, కానీ నీళ్ళు తెలుసు. 2025 సంక్రాంతికి ఆత్రేయపురం దగ్గర కాలవలో డ్రాగన్ పడవల పోటీలు పెట్టారు. మంచిదే. కోడి కాళ్ళకి కత్తులు కట్టి డబ్బులు కాసేకన్నా వంద రెట్లు మేలు. కానీ గట్టు మీద కేకలేసే వేలమందిలో ఎంతమందికి ఈత వచ్చు? పక్కన పిల్లాడు జారిపడితే దూకగలిగేదెవరు?

"సెయిలింగ్ డబ్బున్నోళ్ళ సరదా" అంటారు. నిజమే, ఎడ్లపాడులో తెరచాప పడవలు తిప్పమని నేనేమీ అనడంలేదు. ఆ మొదటి రూలు మాత్రం మనకి పనికొస్తుంది. ఏటా పండక్కి మన ఐటీ వాళ్ళం వాట్సాప్ గ్రూపులో చందాలేసి ఊళ్ళో పందేలకి బహుమతులు ఇస్తాం, బండ మీద మన బ్యాచ్ పేరు రాయించుకుంటాం. ఇవ్వొద్దనను. అందులో కొంత పక్కన పెడితే కాలవ రేవు దగ్గర ఒక గట్టి తాడు, గాలి నింపిన రెండు లారీ ట్యూబులు వేలాడదీయొచ్చు. వేసవిలో ఊరి పిల్లల్ని గుంటూరు తీసుకెళ్ళి, నేర్పేవాళ్ళ దగ్గర ఈత నేర్పించొచ్చు. ఈతరాని మనిషి నీళ్ళలో దూకకూడదనీ, తాడో కర్రో అందించాలనీ వాళ్ళకి ఒక్క పూటలో చెప్పొచ్చు.

నేను ఈత క్లాసులో చేరాను. పక్కన ఎనిమిదేళ్ళ పిల్లలు చేపల్లా పోతుంటే నేను గోడ పట్టుకుని కాళ్ళాడిస్తున్నాను. సిగ్గుగానే ఉంది. అమ్మకి చెప్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పిల్లల్ని కూడా తీసుకెళ్తున్నావా?" అంది.