మంచి రక్తము, చెడు రక్తము

మేము బోధించునది తెలుగు. అయినను జీవశాస్త్ర విద్యార్థులు అప్పుడప్పుడు పుస్తకము చేతబట్టి మా వద్దకు వచ్చుచుందురు. కర్ణిక అనగానేమి, జఠరిక అనగానేమి అని అడుగుదురు. చెవి వంటిది కర్ణిక, పొట్ట వంటిది జఠరిక అని చెప్పి పంపుట మాకు సులభమే.

ఇంటర్మీడియట్ విద్యార్థి యొకడు వేరొక ప్రశ్న తెచ్చినాడు. “ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం ఉంటుందని బడిలో చెప్పారు సార్. మరి పుపుస ధమనిలో చెడు రక్తం ఎట్లా ఉంది?” అది మా పని కాదని పంపివేసినాము. అతడు మరెవ్వరినీ అడుగలేదని తరువాత తెలిసినది.

తప్పు మాదే. అది రక్తమును గూర్చిన ప్రశ్న కాదు, మాటను గూర్చిన ప్రశ్న. గుండెనుండి రక్తమును కొనిపోవునది ధమని, గుండెకు తెచ్చునది సిర. పేరు దిశను బట్టి వచ్చినదే గాని రక్తగుణమును బట్టి కాదు. ఊపిరితిత్తులకు పోవు రక్తములో ఆక్సిజన్ తక్కువ, అంతే. తక్కువ యనగా శూన్యము కాదు. విశ్రాంతిగా నున్న మనిషి గుండెకు తిరిగివచ్చు రక్తములో హీమోగ్లోబిన్ సుమారు 75 శాతము ఆక్సిజన్‌తో నిండియే యుండును. దానికి చెడ్డపేరు తెచ్చినది మన బడిభాష. గర్భస్థ శిశువునకు తల్లినుండి ఆక్సిజన్ అందునది బొడ్డుత్రాటి సిర ద్వారానే. ఆ రక్తమును చెడు అందుమా?

ఇట్టి చిన్న ప్రశ్నను పెద్దలే వెయ్యేండ్లు అడుగలేదు. గుండె కుడి ఎడమ గదుల నడుమ గోడలో కంటికి కానరాని రంధ్రములున్నవని 2వ శతాబ్దములో గేలెన్ వ్రాయగా అందరును వల్లించినారు. 1288లో కైరోలో మరణించిన ఇబ్ను నఫీస్, ఇబ్ను సీనా గ్రంథమునకు వ్యాఖ్య వ్రాయుచు, ఆ గోడలో రంధ్రములు లేవనియు, రక్తము ఊపిరితిత్తుల మీదుగానే ఎడమ గదికి చేరుననియు తేల్చినాడు. వ్యాఖ్య వ్రాయుట మా వంటివారి పనియే సుమా!

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము: వారమునకొక పీరియడు ప్రశ్నలకే విడువవలెను. సిలబసు పూర్తి కాదందురు. మార్చిలో పూర్తియైన సిలబసు జూన్‌నాటికి పిల్లలలో ఎంత మిగులుచున్నదో అడిగి చూడుడు. ఆ గంటలో తెలుగు, ఉర్దూ లెక్చరర్లు కూడ కూర్చుండవలెను. ఉర్దూ మాధ్యమమునుండి వచ్చినవారికి ధమనియన్నను షిర్యాన్ అన్నను ఒకటేనని ఎవరో ఒకరు చెప్పవలెను గదా.

మొన్న ఆ విద్యార్థిని పిలిచి జవాబు చెప్పినాము. విని, వెంటనే మరొకటి అడిగినాడు: “మరి చేతి మీద సిరలు నీలంగా ఎందుకు కనిపిస్తాయి సార్?” మాకు తెలియదు. ఈసారి జీవశాస్త్ర లెక్చరరుగారి వద్దకు అతని వెంట మేమును వెళ్లినాము.