విశ్వవిద్యాలయముల వెబ్‌సైట్లు

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడ కేంద్రముగా నేర్పడినది. 1930లో వాల్తేరు చేరినది. దాని నివాసమును గూర్చి తెలుగువారు పడిన వాదులాట ఇంతింత కాదు. నేటి విద్యార్థికి ఏ విశ్వవిద్యాలయమైనను చేతిలోని ఫోనునందే యున్నది. కాని యందు తనకు వలసినది యెచ్చటనున్నదో కనుగొనుట దుర్లభము.

ప్రవేశములకొక వెబ్‌సైటు, పరీక్షలకొకటి, దూరవిద్యకు వేరొకటి, శాఖలవారివి మరికొన్ని. రుసుము గడువు ఒకచోట పొడిగింపబడును. వేరొకచోట పాత తేదీయే నిలిచియుండును. దేనిని నమ్మవలెను? ఇట్టి గందరగోళమే బూటకపు సైట్లవారికి పెట్టుబడి. ఇక ప్రకటనలా, పెక్కు కాగితమును ఫొటోతీసి యతికించినవే. అంధవిద్యార్థికి చదివి వినిపించు సాధనము వాని యెదుట మూగవోవును. వికలాంగుల హక్కుల చట్టము 2016లోనే వచ్చినదే!

2005 నాటి సమాచారహక్కు చట్టము నాలుగవ సెక్షను, అడుగకముందే సమాచారమును వెల్లడింపుమనుచున్నది. స్థానికభాషను దృష్టియందుంచుకొనుమనియు చెప్పుచున్నది. తెలుగునాటి విశ్వవిద్యాలయము ఇంగ్లీషున మాత్రమే పలుకుట యెట్లు చెల్లును?

కొత్త రంగులకు టెండర్లు పిలుచుట సంస్కరణము కాదు. గుత్తదారు ఒప్పందము తీరగానే తాళపుచెవితో వెడలిపోవును. అన్ని శాఖలపై అధికారముగల యుద్యోగి నొక్కనిని నియమింపవలెను. ప్రతి పుటపై బాధ్యుని హోదాయు, సవరించిన తేదీయు నుండవలెను. కాలము చెల్లిన పుటలను తొలగింపవలెను. రాబోవు ప్రవేశములకు ముందే పాలకమండలులు ఈ పనికి పూనుకొనవలెనని మేము కోరుచున్నాము.