పెరటిలోనికి దుప్పులు వచ్చినప్పుడు

నల్లమల అంచున, అమ్రాబాదు వైపు పల్లెలలో, వేసవి ముదిరి అడవిలో నీటిగుంటలు ఎండగానే దుప్పులు ఊళ్లవైపు వస్తాయి. నీళ్లు మోసి పెంచుకొన్న మన పెరటి పచ్చదనం వాటి కంట పడక మానదు. ఒక వేసవి ఉదయాన మేము లేచి చూచేసరికి అలసంద తీగ, బచ్చలి, చిలగడదుంప ఆకు మొదళ్లవరకు పోయాయి.

తొందరపడి పక్కింటి మేకలను అనుమానించాము. "మా మేకలు రాత్రంతా కొట్టంలోనే కట్టేసి ఉన్నాయి వదినా" అని ఆమె చెప్పినా నమ్మలేదు. పది రోజులు రెండిళ్లకూ మాటలు లేవు.

కొరికిన ఆకును చూస్తే దొంగ తెలియునంటారు. కుందేలు కొరికితే కొమ్మ కత్తితో కోసినట్టు తెగుతుంది. దుప్పికి పై దవడన ముందుపళ్లు లేవు గనుక లాగి తెంపుతుంది. అంచు పీలికలుగా ఉంటుంది. అయితే మేకకూ పై ముందుపళ్లు లేవు! మేము బోల్తాపడినది అక్కడే. చివరకు ఒక తెల్లవారుజామున మా ఇంటివారు పెరటిలో మూడు దుప్పులను కళ్లారా చూచారు. ఆ పూటే పక్కింటికి వెళ్లి క్షమించమని అడిగాము. ఆమె ఏమీ అనలేదు, లోపలికి వెళ్లి నాలుగు పాత చీరలు తెచ్చి ఇచ్చింది.

ఆ చీరలే పెరటిని కాపాడాయి. అవతల ఏముందో కనబడకపోతే దుప్పి దూకడానికి జంకుతుంది. మనిషి ఎత్తుకు మించి వెదురు గుంజలు పాతి, అడుగున ముళ్లకంప దట్టంగా పేర్చి, పైన చీరలు బిగించి కట్టాము. అడుగున సందు వదలరాదు. అవి దూరి రావడం కూడ ఎరుగును. కుళ్లిన కోడిగుడ్డు నీళ్లలో కలిపి దడిమీద చల్లితే ఆ కంపుకు కొంత వెనుకాడుతాయి గాని, వాన పడితే మరల చల్లవలసిందే. తినే ఆకుకూరలమీద మాత్రం చల్లకండి. పసుపు, అల్లం, నిమ్మగడ్డి వంటి ఘాటైనవాటిని దడి పక్కన వేసుకొనుట మంచిదే, కాని ఆకలిగొన్న దుప్పి వాటినీ రుచి చూస్తుంది.

దడికి ఇంటి కరెంటు తీగ తగిలించే ఆలోచన మాత్రం ఎవరికీ రాకూడదు. చీకటిలో ఆ తీగ తగిలేది దుప్పికో, బహిర్భూమికి వెళ్లిన మన బిడ్డకో ఎవరు చెప్పగలరు? ఉచ్చులు వేయడమూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. తెలంగాణ తన రాష్ట్ర జంతువుగా ఎన్నుకొన్నదీ ఈ మచ్చల దుప్పినే.

లేత మామిడి మొక్కలున్నవారు వాటి చుట్టూ వెదురు తడిక నిలబెట్టండి. మగ దుప్పులు కొమ్ములు రాపిడి చేసి బెరడు ఒలిచివేస్తాయి. బెరడు చుట్టూ పోయిన మొక్క మరి బ్రతకదు.