బ్లేడు డబ్బులు ఎవరివండీ?

వడ్రంగి "బ్లేడ్లు కొనాలమ్మా" అనగానే ఇంటి యజమానుల ముఖాలు ఎందుకలా మాడిపోతాయో నాకర్థం కాదు. కలప కొంటారు. మేకులు, మరలు, జిగురు, గరుకు కాగితం అన్నీ నోరెత్తకుండా కొంటారు. కరెంటు చిత్రిక బ్లేడు దగ్గరికొచ్చేసరికి మాత్రం "పనిముట్టు నీది, దాని బాధా నీదే" అని ధర్మపన్నాలు మొదలెడతారు.

మొన్న శీతాకాలంలో అరకు దగ్గర ఒక ఊళ్ళో ఈ పన్నాలే విన్నాను. టూరిస్టులకి అద్దెకివ్వడానికి కడుతున్న కొత్త ఇల్లు. కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ కలపతో తలుపులు చేయిస్తున్నారు. వడ్రంగి కుర్రాడు చిత్రికని రెండు చేతులా అదిమిపెట్టి తోస్తున్నాడు. మిషను మూలుగుతోంది. రేకుల్లా ఎగిరిపడాల్సిన పొట్టు పిండిలా రాలుతోంది. చెక్క మీద అక్కడక్కడా మాడిన మచ్చలు.

"బ్లేడు అరిగిపోనాదమ్మా. కొనమంటే బాబుగారు కూలి ఇత్తన్నాను కదా అంతన్నారు" అన్నాడు.

బాబుగారిని అడిగితే, "మా తాతగారి కాలంలో ఏ వడ్రంగి బ్లేడు డబ్బులడిగాడండీ?" అన్నారు.

అడగలేదు, నిజమే. ఎందుకడుగుతాడు? చేతి చిత్రికలో ఉండేది ఉక్కు ఉలి. మొద్దుబారితే సానరాయి మీద నాలుగు రుద్దులు రుద్దుకునేవాడు. అదే ఉలి ఏళ్ళ తరబడి వచ్చేది. కరెంటు చిత్రిక కథ వేరు. నిమిషానికి 10,000 సార్లు దాటి తిరిగే డ్రమ్ముకి రెండు బ్లేడ్లుంటాయి. ఎక్కువమంది వాడేది 82 మిల్లీమీటర్ల కార్బైడ్ బ్లేడు. దానికి రెండంచులూ పదునే. ఒక అంచు అరిగితే తిప్పి బిగించాలి, రెండోదీ అరిగితే పారెయ్యాలి. వడ్రంగి సానరాయికి అది లొంగదు. పాత తలుపులో దాక్కున్న ఒక్క మేకు తగిలితే చాలు, అంచు పెచ్చూడిపోతుంది. ఇక తోసిన ప్రతి పలక మీదా అక్కడో గీత లేస్తుంది. తాతగారి ఉలి వడ్రంగి ఆస్తి. ఈ బ్లేడు మన కలప మీద కరిగిపోయే సరుకు. గరుకు కాగితంతో సమానం.

మా వారు సెలూన్‌లో కూచోగానే "కొత్త బ్లేడు వెయ్యవోయ్" అంటారు. ఆసుపత్రిలో సూది ఖరీదు బిల్లులో వేస్తే కిక్కురుమనం. మన చెంప, మన చెయ్యి కదా మరి! ఆ కుర్రాడి వేళ్ళు మాత్రం ఎవరివి? మొద్దు కత్తిపీటే వేలు కోస్తుందని వంటింట్లో మసిలే ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. మొద్దు బ్లేడుతో బలవంతంగా తోస్తే మిషను ఎగిరిపడుతుంది. స్విచ్చి ఆపినా డ్రమ్ము వెంటనే ఆగదు.

పైగా కొందరు రసికులుంటారు. అరకు లోయ మంచు చూడ్డానికొచ్చి, "చేతి చిత్రిక పనితనం ఇప్పుడేదీ!" అని నిట్టూరుస్తారు. ఏజెన్సీలో కొలిమి పనీ, కొయ్య పనీ చేసే కమ్మర తెగవాళ్ళున్నారు. రోజంతా టేకు పలకని చేత్తో చిత్రిక పడితే భుజాలేమవుతాయో వాళ్ళ నడగండి ముందు. ఆ కుర్రాడు మిషను కొనుక్కోవడం తప్పు కాదు. పాత కూలీ లెక్కతో కొత్త మిషను పని చేయించుకోవడమే మన గడుసుతనం.

బ్లేడు మార్చడం బ్రహ్మవిద్యేం కాదు. ముందు ప్లగ్గు పీకాలి. మరలు వదులు చేసి, గాడిలో పేరుకున్న జిగురూ పొట్టూ తుడిచి, రెండు బ్లేడ్లూ ఒకేసారి తిప్పాలి. ఒకటి కొత్తదీ, ఒకటి పాతదీ అయితే డ్రమ్ము వణుకుతుంది. మరలు గట్టిగా బిగించాక గానీ ప్లగ్గు పెట్టకూడదు. కష్టమంతా కొనడంలోనే ఉంది. దగ్గర్లో సరైన జత దొరక్కపోతే ఘాట్‌రోడ్డు దిగి విశాఖపట్నం దాకా పోవాలి. అక్కడికి 110 కిలోమీటర్ల పైమాటే. ఆ రోజు కూలి పోయినట్టే, బస్సు ఛార్జీ అదనం.

కాబట్టి ఈసారి తలుపులు చేయించేటప్పుడు ఎస్టిమేటులో మేకులు, జిగురు కింద "బ్లేడ్లు, రెండు జతలు" అని రాయించండి. పాత ఇంటి కలప ఇస్తున్నారా, అందులో మేకులు మీరే పీకించి ఇవ్వండి. అంత ఓపిక లేదంటారా, మూడు జతలు రాయించండి.