సముద్రపు చదువు మనకెందుకంటారా?

సముద్రం మీది గాలితో, అలలతో కరెంటు తీసే ఇంజనీరింగులో పి.జి. చేస్తానంటే ఛత్రినాకలోని మా గది మిత్రులు నవ్వుతారు. "మూసీ తప్ప వేరే నీళ్ళు చూడనోనికి సముద్రమెందుకురా?" అంటారు. ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు మిత్రులారా!

1991లో డెన్మార్కు విండెబీ దగ్గర సముద్రంలో 11 గాలిమరలు నిలబెట్టింది. లోకంలో అదే మొదటిది. అదే ఏడు కేరళలోని విళింజంలో మద్రాసు ఐ.ఐ.టి. వారి 150 కిలోవాట్ల అలల విద్యుత్ కేంద్రం మొదలైంది. విండెబీని 2017లో తీసేశారు గాని, ఆ విద్య అక్కడ ఊడలు దిగింది. మనది మూతపడింది. నాటు వేస్తే చాలదు, కలుపు తీసే చేతులుండాలని ఏ రైతునడిగినా చెబుతాడు. ఆ చేతుల్ని తయారుచేసేది పై చదువే.

2024లో గుజరాత్, తమిళనాడు తీరాల్లో 1000 మెగావాట్ల సముద్ర పవన విద్యుత్తుకు కేంద్ర మంత్రివర్గం సాయం మంజూరు చేసింది. మరి ఇంజనీర్లేరి? ఆ చదువుకోసం స్కాట్లాండు పోవాలంటే మా నాయన ఉన్న భూమి అమ్ముకోవాలి. విశాఖలో సముద్రముంది. అలల ఎత్తు ముందే చెప్పే ఇన్‌కాయిస్ 1999 నుంచి హైదరాబాదులోనే ఉంది. రెంటినీ కలిపి ఆ కోర్సు ఇక్కడే పెట్టాలి. ఫిజిక్సు చదివిన బి.ఎస్సీ. వాళ్ళకూ అందులో సీట్లివ్వాలి. రాత్రిపూట బోరు మోటారు దగ్గర కరెంటు కోసం కాపలా కాసిన ఇళ్ళ పిల్లలం, దాని విలువ మాకు తెలుసు. మన విద్యార్థి సంఘం ఈ కోరికను యూనివర్సిటీల ముందు పెట్టాలి.